యుద్ధానంతర న్యాయం: 1948 తరువాత నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలు

హిజ్రీ 8వ సంవత్సరంలో (క్రీ.శ. 630) మక్కా విజయం ముగిసిన కొద్ది రోజులకు మహాప్రవక్త ముహమ్మద్ (స) హజ్రత్ ఖాలిద్ బిన్ వలీద్ (రజి)ను బనూ జజీమా తెగ వద్దకు పంపారు. పంపింది యుద్ధం కొరకు కాదు, ఇస్లాం సందేశం అందించడానికి. కాని అక్కడ ఆయుధాలు దించిన మనుషులు కొందరు వధింపబడ్డారు. ఆ వార్త విన్న ప్రవక్త (స) చేతులెత్తి, ఖాలిద్ చేసిన పనితో తనకు సంబంధం లేదని అల్లాహ్ ముందు ప్రకటించారు. అంతటితో ఊరుకోలేదు. హజ్రత్ అలీ (రజి)కి ధనమిచ్చి పంపి, ప్రతి ప్రాణానికీ రక్తపరిహారం చెల్లింపజేశారు. పోయిన వస్తువులకు, చివరకు కుక్క నీళ్ళు తాగే పాత్రకు సైతం వెల కట్టించారు. లెక్కకు రాని నష్టమేదైనా ఉండవచ్చునని మిగిలిన సొమ్మును కూడా అలీ (రజి) ఆ తెగకే ఇచ్చి వచ్చారు.

ఈ సంఘటనలో విజేత పాటించవలసిన మూడు విధులు ఉన్నాయి. తప్పు తనవారిదైనా బహిరంగంగా ఒప్పుకొనడం మొదటిది. జరిగిన నష్టాన్ని లెక్కించడం రెండవది. ఆ నష్టాన్ని పూడ్చడం మూడవది. సైన్యం బలంతో అమ్న్, అనగా భద్రత, కొద్ది రోజుల్లోనే నెలకొనవచ్చు. ఈ మూడు విధులూ నెరవేరనిదే అద్ల్, అనగా న్యాయం, నెలకొనదు.

ఆధునిక ప్రపంచం ఈ పాఠాన్ని చాలా ఆలస్యంగా, చాలా మూల్యం చెల్లించి నేర్చుకొన్నది. 1999లో కొసావో పరిపాలనా బాధ్యత ఐక్యరాజ్యసమితి చేతికి వచ్చినప్పుడు ఎదురైన మొదటి ప్రశ్న, న్యాయమూర్తులు ఏ చట్టం ప్రకారం తీర్పు చెప్పాలన్నది. యుద్ధానికి ముందు అమలులో ఉన్న చట్టమే సాగుతుందని సమితి ప్రతినిధి ప్రకటించాడు. తమను అణచివేసిన చట్టంతో తీర్పు చెప్పలేమని అల్బేనియన్ ముస్లిం న్యాయమూర్తులు నిరాకరించారు. చివరకు ఆ సంవత్సరం డిసెంబరులో 1989 నాటి చట్టాలను పునరుద్ధరించవలసి వచ్చింది. 2000లో అల్జీరియా దౌత్యవేత్త లఖ్దర్ బ్రాహిమీ అధ్యక్షతన వెలువడిన నివేదిక, శాంతి స్థాపనలో పోలీసు వ్యవస్థను, న్యాయస్థానాలను, కారాగారాలను విడదీసి చూడరాదని నొక్కి చెప్పింది.

ఈ ప్రశ్నలన్నీ దక్షిణ తెలంగాణకు కొత్తవి కావు. కొసావోకు 51 సంవత్సరాల ముందే నల్లగొండ, పాలమూరు గ్రామాలు వీటిని ఎదుర్కొన్నాయి.

1948కి పూర్వపు స్థితి

హైదరాబాదు రాజ్యంలో న్యాయశాఖ పేరుకు వెనుకబడినదేమీ కాదు. 1921లోనే నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఫర్మానా ద్వారా న్యాయశాఖను కార్యనిర్వాహక శాఖ నుండి వేరు చేశాడు. అప్పటికి బ్రిటిష్ ఇండియాలో ఇది ఇంకా నాయకుల కోరికగానే ఉన్నది. అయితే ఈ సంస్కరణ అదాలతు మెట్ల దగ్గర ఆగిపోయింది. ఊళ్ళో పటేలు, పట్వారీ, దేశముఖు చెప్పినదే చట్టం. గడీయే ఠాణా, గడీయే కచ్చేరీ. జాగీర్లలోను, గద్వాల, వనపర్తి, కొల్లాపురం వంటి పాలమూరు సంస్థానాలలోను పాలకుని అధికారమే రైతుకు ముందు కనిపించేది, నిజాం చట్టం ఎక్కడో దూరాన ఉండేది.

తెలుగులో నేరం మోపబడినవానిని ‘ముద్దాయి’ అంటాము. ఈ మాట అరబీ నుండి ఉర్దూ ద్వారా వచ్చింది. మూలభాషలో దాని అర్థం సరిగ్గా తలక్రిందులు: ముద్దయీ అంటే దావా వేసినవాడు, ఫిర్యాదీ. కోర్టు భాష ఉర్దూ, రైతు భాష తెలుగు అయిన చోట ఫిర్యాదీ పేరు నిందితునికి అంటుకొన్నది. ఇది భాషలో జరిగిన పొరపాటే కావచ్చు. జనగామ తాలూకా కామారెడ్డిగూడెం రైతు షేక్ బందగీ విషయంలో మాత్రం అది అక్షరాలా నిజమైంది. కొద్దిపాటి భూమి కొరకు విసునూరు దేశముఖు బలాన్ని ఎదిరించి కోర్టుకెక్కిన బందగీ, 1940 దశకం తొలినాళ్ళలో దేశముఖు మనుషుల చేతిలో హతుడయ్యాడు. జనగామ అప్పుడు నల్లగొండ జిల్లాలో ఉండేది. పాలకుడు ముస్లిం కావడం వలన ఆ పేద ముస్లిం రైతుకు ఒరిగినదేమీ లేదు. ఆయన కథ ఆధారంగానే 1947లో ‘మా భూమి’ నాటకం వెలువడింది.

1946 జూలై 4న అదే తాలూకాలోని కడివెండిలో దొడ్డి కొమరయ్య కాల్పుల్లో మరణించడంతో రైతాంగ ఉద్యమం సాయుధ పోరాటంగా మారింది. దాని నణచడానికి ప్రభుత్వం తన పోలీసులతో పాటు ఖాసిం రజ్వీ రజాకార్లకు కూడా స్వేచ్ఛ నిచ్చింది. 1947 అక్టోబరులో మహబూబ్‌నగర్ జిల్లా అప్పంపల్లిలో పోలీసు కాల్పులకు పలువురు గ్రామస్థులు బలియయ్యారు. 1948 ఆగస్టులో బైరాన్‌పల్లిలో గ్రామస్థులను పెద్దసంఖ్యలో చంపారు. అదే నెలలో, రజాకార్లను ధైర్యంగా విమర్శించిన ‘ఇమ్రోజ్’ పత్రిక సంపాదకుడు షోయబుల్లా ఖాన్ హైదరాబాదులో హత్యకు గురి అయ్యాడు. ఇస్లాం పేరు చెప్పుకొని సాగిన ఈ జులుంకు ఇస్లాంలో తావు లేదు. ముస్లిం చరిత్రకారుడు ముందుగా చెప్పవలసిన మాట ఇది. ఈ మాట చెప్పిన తరువాతనే, ఆ పిమ్మట జరిగిన జులుంను గురించి మాట్లాడే హక్కు అతనికి కలుగుతుంది.

సెప్టెంబరు తరువాత

1948 సెప్టెంబరు 13న భారత సైన్యం హైదరాబాదు సరిహద్దులు దాటింది. ఒక దళం బెజవాడ దారిన మునగాల, సూర్యాపేటల మీదుగా నల్లగొండ జిల్లాలో ప్రవేశించింది. 17వ తేదీన నిజాం యుద్ధ విరమణ ప్రకటించాడు. మరునాడు మేజర్ జనరల్ ఎల్ ఎద్రూస్ లొంగిపోగా, మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురి సైనిక గవర్నరుగా బాధ్యతలు స్వీకరించాడు. రజాకారు సంస్థ రద్దయింది, రజ్వీ నిర్బంధింపబడ్డాడు. ఐదు రోజులలో ఒక రాజ్యం చేతులు మారింది.

ఆ తరువాతి వారాలలో ప్రతీకారం సాగింది. రజాకార్లతో ఏ సంబంధమూ లేని ముస్లిం కుటుంబాలు దానికి బలియయ్యాయి. ఈ విషయాలు తెలుసుకొని సామరస్యం నెలకొల్పడానికి భారత ప్రభుత్వం పండిత సుందర్‌లాల్, ‘పయామ్’ పత్రికాధిపతి ఖాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీలతో ఒక సద్భావనా సంఘాన్ని పంపింది. నవంబరు 29 నుండి డిసెంబరు 21 వరకు వారు 16 జిల్లాలలో తొమ్మిదింటిని దర్శించారు. పోలీసు చర్య కాలంలోను, దాని తరువాతను కలిపి 27,000 నుండి 40,000 మంది ప్రాణాలు కోల్పోయి ఉంటారని వారి అంచనా. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలు అన్నిటికంటె ఎక్కువగా దెబ్బతిన్నవి. ఆ తరువాతి వరుసలో ఔరంగాబాద్, బీడ్, మెదక్‌లతో పాటు నల్లగొండ ఉన్నది. ఈ నాలుగు జిల్లాలలో కలిపి మృతులు కనీసం 5,000 అని నివేదిక పేర్కొన్నది. కొన్నిచోట్ల సైనికులు, స్థానిక పోలీసులు కూడా దోపిడీలో, ఇతర నేరాలలో పాల్గొన్నారన్న సాక్ష్యాన్ని సైతం అది దాచలేదు.

అదే నివేదిక మరొక సత్యాన్ని కూడా నమోదు చేసింది. హిందూ పొరుగువారు ముస్లింలను కాపాడిన ఉదంతాలు అనేకం. ముఖ్యంగా నేతపనివారిలో, తమ తోటి ముస్లిం సాలెల రక్షణకై హిందూ సాలెలు దాడి చేసినవారిని ఎదిరించారు, ప్రాణాలు కూడా అర్పించారు. సంఘం బలంగా ఉన్న తెలంగాణ గ్రామాలలో సామాన్య ముస్లింలకు రక్షణ లభించిందని పుచ్చలపల్లి సుందరయ్య తన గ్రంథంలో వ్రాశాడు. ప్రభుత్వం రక్షించలేని చోట మగ్గం రక్షించింది, పొలం రక్షించింది.

బనూ జజీమా ఉదాహరణను ఇక్కడ జ్ఞాపకం చేసుకోవాలి. లెక్కించే పని సుందర్‌లాల్ సంఘం చేసింది. ఒప్పుకొనే పని మాత్రం జరుగలేదు. ప్రభుత్వం నివేదికను ప్రచురించలేదు. అది పరిశోధకులకు, సామాన్య పాఠకులకు పూర్తిగా అందడానికి ఆరు దశాబ్దాలకు పైగా పట్టింది. ఈలోగా ఆ వితంతువులు, అనాథలు చాలామంది లోకాన్నే విడిచారు.

పోలీసు, న్యాయస్థానం

సైనిక ప్రభుత్వం పాత సైన్యాన్ని క్రమంగా రద్దు చేసింది. సర్ఫెఖాస్, జాగీరు ప్రాంతాలను 1949లో రాజ్య పరిపాలనలో కలిపివేసింది. ఒకే రాజ్యంలో ఒకే పోలీసు, ఒకే న్యాయస్థానం అన్న స్థితికి ఇది పునాది. ఇది గొప్ప సంస్కరణ అనక తప్పదు. కాని ఖాళీ అయిన ఉద్యోగాలలోకి మద్రాసు, బొంబాయి, మధ్యపరగణాల నుండి అధికారులు వచ్చారు. పరిపాలనలో ఉర్దూ స్థానాన్ని ఇంగ్లీషు ఆక్రమించింది. తెలుగు రైతుకు కోర్టు భాష మునుపటివలెనే పరాయిదిగా మిగిలింది.

ఇంతకంటె పెద్ద చిక్కు మరొకటి. రజాకార్ల నణచడానికి వచ్చిన సైన్యమే ఇప్పుడు సాయుధ దళాల వేట మొదలుపెట్టింది. దళాలు కృష్ణాతీరపు అడవులకు, నల్లమల వైపుకు తరలిపోయాయి. సైన్యం వెనుక నడిచి, పారిపోయిన దొరలు మళ్ళీ గడీలలో ప్రవేశించారు. గ్రామానికి భద్రత వచ్చింది గాని అది ఎవరి భద్రత అన్న ప్రశ్న అలాగే నిలిచిపోయింది.

ఇదే ప్రశ్న నల్లగొండ మరణశిక్షల కేసులో దేశ అత్యున్నత న్యాయస్థానం ముందుకు వెళ్ళింది. సైనిక గవర్నరు ఏర్పరచిన ప్రత్యేక ట్రిబ్యునళ్ళు 1949లో 12 మందికి ఉరిశిక్ష విధించాయి. హైదరాబాదు హైకోర్టు దానిని ధ్రువపరచింది. వారి పక్షాన వాదించడానికి ఇంగ్లండు నుండి ప్రసిద్ధ న్యాయవాది డి.ఎన్. ప్రిట్ వచ్చాడు. ఆ తీర్పులు రాజ్యాంగం అమలులోకి వచ్చిన 1950 జనవరి 26కు ముందటివి గనుక అప్పీలు వినే అధికారం తమకు లేదని సుప్రీంకోర్టు మొదట తేల్చింది. విచారణలో నిందితులకు వకీలు లేడన్న వాదన రిట్ పిటిషన్లలో వచ్చింది. 1951 మార్చి 16న వెలువడిన తీర్పు వాటిని కూడా కొట్టివేసింది. ఆ తీర్పు వ్రాసినది జస్టిస్ సయ్యద్ ఫజల్ అలీ. కొన్ని వారాల తేడాతో రాజ్యాంగం రక్షణ తప్పిపోయిన ఆ మనుషులను చివరకు కాపాడినది ప్రజాభిప్రాయం. వారి శిక్షలు తరువాత యావజ్జీవ శిక్షలుగా మార్చబడ్డాయి.

ఆ 12 మంది కమ్యూనిస్టులు కదా, వారితో ముస్లిం పాఠకునికి పని ఏమిటని అడుగవచ్చు. వాది ప్రతివాదులను ఒకే చోట కూర్చోబెట్టి, ఒకే చూపుతో చూడాలని హజ్రత్ ఉమర్ (రజి) న్యాయాధిపతిగా ఉన్న అబూ మూసా అష్‌అరీ (రజి)కి ఆదేశించారు. ఆ ఆదేశంలో ముస్లిం, ముస్లిమేతరుడన్న తేడా లేదు. వకీలు లేని నిందితుడు ఎవరైనా మజ్లూమే.

భూమి, ఓటు

నల్లగొండలో తగవుకు మూలం భూమి. అది కదలనిదే ఎన్ని ఠాణాలు పెట్టినా ప్రయోజనం లేదని పాలకులు క్రమంగా గ్రహించారు. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. 1950లో కౌలుదారీ చట్టం వచ్చి, రక్షిత కౌలుదారు అన్న కొత్త హక్కును సృష్టించింది. 1951 ఏప్రిల్ 18న నల్లగొండ జిల్లా పోచంపల్లిలో హరిజనులు ఎనభై ఎకరాలు అడుగగా, వెదిరె రామచంద్రారెడ్డి నూరు ఎకరాలు వినోబా భావేకు సమర్పించాడు. భూదానం అక్కడ పుట్టింది. ఆ సంవత్సరం అక్టోబరులో కమ్యూనిస్టు పార్టీ సాయుధ పోరాటాన్ని విరమించింది.

1952 ఎన్నికలలో నల్లగొండ ప్రజలు రావి నారాయణరెడ్డికి దేశంలో అందరికంటె ఎక్కువ ఓట్లిచ్చి లోక్‌సభకు పంపారు. నిన్నటివరకు ప్రభుత్వం వేటాడిన పక్షం శాసనసభలో ప్రతిపక్షమయింది. మహబూబ్‌నగర్ జిల్లావాడు, పారశీక ఉర్దూ పండితుడు, వకీలు అయిన బూర్గుల రామకృష్ణారావు ముఖ్యమంత్రి అయ్యాడు. అదే సంవత్సరం హుజూర్‌నగర్ ఉప ఎన్నికలో మఖ్దూం మొహియుద్దీన్ శాసనసభకు ఎన్నికయ్యాడు. నాలుగేళ్ళ క్రితం ముస్లింల రక్తం చిందిన జిల్లాలో హిందూ రైతులు ఒక ముస్లింకు ఓటు వేశారు. ఏ ట్రిబ్యునలూ ఇవ్వలేని తీర్పు ఇది.

1952 సెప్టెంబరులో ముల్కీ ఆందోళన సందర్భంగా హైదరాబాదు నగరంలో పోలీసు కాల్పులు జరిగాయి. వాటిపై జస్టిస్ పింగళి జగన్మోహనరెడ్డి విచారణ జరిపాడు. నగరంలో జరిగిన కాల్పులకు విచారణ లభించింది. 1948లో గ్రామాలలో జరిగిన హత్యల నివేదిక మాత్రం బీరువాలోనే ఉండిపోయింది. రెండింటి నడుమ నాలుగే సంవత్సరాల దూరం.

దివ్య ఖుర్ఆన్ అల్‌మాయిదా సూరా 8వ ఆయతులో, ఒక జాతి పట్ల గల ద్వేషం మనలను న్యాయం తప్పించరాదన్న హెచ్చరిక ఉన్నది. అది రజాకారుకు వర్తించింది, వాడు వినలేదు. సెప్టెంబరు తరువాత ప్రతీకారం తీర్చుకొన్నవారికీ వర్తించింది, వారూ వినలేదు. విన్నవారు కొందరున్నారు: పేద రైతు బందగీ, కలం పట్టిన షోయబుల్లా ఖాన్, ఉన్నది ఉన్నట్లు వ్రాసిన ఖాజీ అబ్దుల్ గఫార్, తోటి సాలెకు అడ్డునిలిచిన పేరు తెలియని సాలె. నల్లగొండ, పాలమూరు జిల్లాలలో భద్రతను సైన్యం తెచ్చింది. ఆ గడ్డపై న్యాయం ఎంత మిగిలిందో, అంతా ఇటువంటివారి వలన మిగిలింది. కుక్క పాత్రకు సైతం లెక్క కట్టిన ప్రవక్త (స) అనుయాయులు, తమవారి నష్టాన్నే కాక తమవారు చేసిన నష్టాన్ని కూడా ఆ లెక్కలోనే వ్రాసుకొనవలసి ఉన్నది.