చిల్లర కొట్టు కోసం జరిగిన పోరాటం

మన సంఘాల్లో చాలామంది అప్పు తీసుకుని పెట్టుకున్నది చిల్లర కొట్టో, కూరగాయల బండో. వీటి కోసం దేశంలో పెద్ద పోరాటమే జరిగింది.

2006లో రిలయన్స్ ఫ్రెష్ దుకాణాలు మొదట తెరిచింది అప్పటి మన రాజధాని హైదరాబాద్‌లోనే. కంపెనీ లారీల కొద్దీ కొని ధర తగ్గిస్తుంది. బుట్ట నెత్తిన పెట్టుకుని అమ్మే ఆమె అంత తగ్గించలేదు. 2007 మేలో రాంచీ కూరగాయల వాళ్లు ఆ దుకాణాల మీద తిరగబడ్డారు. ఆగస్టులో ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం అక్కడివి మూసేయమంది.

2012 సెప్టెంబరు 14న, వాల్‌మార్ట్ లాంటి విదేశీ కంపెనీలు చిల్లర వ్యాపారంలో 51 శాతం వాటా పెట్టొచ్చని కేంద్రం చెప్పింది. ముందురోజే డీజిల్ 5 రూపాయలు పెంచి, సబ్సిడీ సిలిండర్లు ఏడాదికి 6 మాత్రమే అన్నారు. 20న దేశమంతా బంద్. అయినా నిర్ణయం ఆగలేదు. రాష్ట్రం ఒప్పుకుంటేనే అక్కడ షాపు అని షరతు మాత్రం ఉంది. అప్పుడు ఒప్పుకున్న వాటిలో మన రాష్ట్రమూ ఉంది.

గెలిచింది ఇంకోటి ఉంది. అహ్మదాబాద్ ‘సేవా’ సంఘం ఆడవాళ్లు, వీధి వర్తకుల సంఘాలు ఏళ్ల తరబడి అడిగితే 2014లో వీధి వర్తకుల చట్టం వచ్చింది. సర్వే చేసి సర్టిఫికెట్ ఇచ్చేదాకా ఎవర్నీ లేపకూడదు. పట్టణ కమిటీలో 40 శాతం వర్తకులే ఉండాలి, వాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు.

తక్కువకి వస్తుందని మనమూ పెద్ద షాపుకి పోతున్నాం, తప్పనను. కానీ మిర్చి డబ్బులు చేతికొచ్చేదాకా ఖాతా రాసుకుని ఆగేది మన వీధి కొట్టు ఆమే. నరసరావుపేట, మాచర్లలో బండి పెట్టుకున్న సభ్యులు సర్టిఫికెట్ ఉందో లేదో ఈ నెల మీటింగులోనే చెప్పండి. లేనివాళ్ల కోసం అందరం కలిసి మున్సిపల్ ఆఫీసుకి పోదాం.