చెన్నపురి హైకోర్టు సౌధము

చెన్నపురి రేవును సమీపించు నావికులకు ఎనుబదియేండ్లకు పైగా దారి చూపిన దీపము న్యాయాలయ శిఖరముపై నుండెను. ఆ సౌధచరిత్రము తెలుగువారికి పరాయిది గాదు. సర్కారు, దత్తమండలములలోని మన పెద్దల భూముల తగవులు, దత్తత వివాదములు, స్త్రీధన వ్యాజ్యములు ఎన్నియో ఆ హైకోర్టుననే విచారింపబడెను.

1862వ సంవత్సరమున సుప్రీముకోర్టును, సదరు అదాలతును కలిపి హైకోర్టు నేర్పరచిరి. దానికి నేటి భవనము 1892 జూలైలో లభించెను. బ్రాసింగ్టను దొర మొదట వేసిన పథకమును హెన్రీ ఇర్విను దొర సవరించి పూర్తిచేయగా, కట్టడపు పనిని నంబెరుమాళ్ళు చెట్టిగారు నిర్వహించిరి. ఎఱ్ఱని యిటుకల గోడలు, వరుసదీరిన తోరణములు, ఉబ్బెత్తు గుమ్మటములు, నీడనిచ్చు పొడవైన వసారాలు, రంగుటద్దముల కిటికీలు దీని శోభలు. మొగలాయి రూపమును పాశ్చాత్య నిర్మాణశాస్త్రముతో మేళవించిన యీ పద్ధతిని ఇండో-సారసెనిక్ అందురు. ప్రధాన గోపురము సుమారు 175 అడుగుల యెత్తు. 1894లో దానిపై ఓడల దీపము నిలిపిరి. అంతకుముందు ఆ పనిచేసిన రాతిస్తంభము ఇప్పటికిని ఆవరణముననే కలదు. 1914 సెప్టెంబరు 22వ తేదీ రాత్రి జర్మను నౌక ఎండెను ప్రయోగించిన గుండ్లలో కొన్ని యీ ప్రాంతమున పడెను. 1977లో మెరీనా తీరమున క్రొత్త దీపస్తంభము వెలయగా, ఇక్కడి దీపమునకు విశ్రాంతి కలిగెను.

తంజావూరు సీమలో పేదయింట పుట్టిన ముత్తుస్వామయ్యరుగారు 1877లో ఈ హైకోర్టున జడ్జీపదవి నందిన మొదటి భారతీయుడు. లోపల నున్న వారి చలువరాతి విగ్రహము పాదరక్షలు లేకయే యుండుట చూడదగినది. అంతటి సౌధమున వట్టికాళ్లకును పీఠము దొరకెను గదా!

అయినను, వాకిట నిలిచిన రైతుకు లోపలి వాదము తెలిసెడిదా? ఇచ్ఛాపురమునుండి చెన్నపురికి ప్రయాణపు ఖర్చు, బస ఖర్చు, వకీలు ఫీజు, పిదప తీర్పును చదివి చెప్పువానికై వెదకులాట! ఓడినవాడు కోర్టులో ఏడ్చెను, గెలిచినవాడు ఇంటికి వచ్చి ఏడ్చెను అను సామెత ఊరక పుట్టలేదు.

దూరము కాలక్రమమున తగ్గెను. 1954లో గుంటూరున, 1956లో హైదరాబాదున, 2019లో అమరావతిని మన హైకోర్టులు వెలసెను. భాషాదూరము మాత్రము మిగిలెను; రాజ్యాంగము 348వ అధికరణము ననుసరించి మన హైకోర్టుల వ్యవహారము ఇంగ్లీషుననే సాగుచున్నది. 2023లో తెలంగాణ హైకోర్టు ఒక ఆస్తి తగవున తెలుగులో తీర్పిచ్చుట శుభసూచకము. తన యింటి పొలమునుగూర్చి న్యాయమూర్తి యేమనెనో ఒక తల్లి తన కన్నులతో చదువుకొనగలిగిననాడే న్యాయాలయపు వెలుగు గడప దాటి వచ్చినదని మేము తలంతుము. అట్టి తీర్పులు అపురూపముగాక, నిత్యవ్యవహారము కావలెను.