పై మెట్టు నుండి డోర్నకల్లుకు: బిషప్ అజరయ్యగారి జీవిత దర్శనము



మన సంఘములలో యువజన కూటములు జరిగినప్పుడెల్ల తప్పక వినిపించే ప్రశ్న ఒకటున్నది. “నా జీవితమును గూర్చి దేవుని దర్శనము ఏమిటో నాకెట్లు తెలియును?” అని. అడిగే పిల్లవాని మనసులో చాలసార్లు ఒక ఉద్యోగము అప్పటికే ఉంటుంది. దాని మీద దేవుని సంతకము కావలెను, అంతే. వానిని తప్పు పట్టలేను. ఆ వయసులో నేను చేసిన ప్రార్థనలును అటువంటివే. ఈ శతజయంతి సంచికలో ఆ ప్రశ్నకు ప్రసంగముగా గాక చరిత్రగా జవాబు వెదకవలెనని ఒక మనిషి బ్రతుకును ఎత్తుకొంటున్నాను.

బిషప్ వేదనాయగం శామ్యూల్ అజరయ్యగారి పేరు తెలుగు క్రైస్తవులలో ఎరుగనివారు అరుదు. అయితే మనము ఆయనను బిషప్పుగానే ఎరుగుదుము. ఆ పదవికి ముందు ఆయన ఏమేమి వదులుకొన్నారో అంతగా చెప్పుకొనము.

ఆయన తెలుగువారు కారు. 1874 ఆగస్టు 17న తిరునెల్వేలి జిల్లాలోని వెల్లాలన్‌విళై అనే గ్రామములో జన్మించారు. తండ్రి ఆ ఊరి సంఘ గురువు. కుమారుని చదువు పూర్తి కాకముందే ఆయన ప్రభువునందు నిద్రించారు. అజరయ్యగారు మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో బి.ఏ. చదివి, తీరా ఆఖరి పరీక్షల వేళ జబ్బుపడ్డారు. పట్టా చేతికి రాలేదు. పట్టా ఉన్నవారికి సర్కారు కొలువులు తలుపు తీసి ఎదురుచూచే రోజులవి. లేనివాని గతి ఏమిటో వేరుగా చెప్పనక్కరలేదు.

1895లో ఆయన వై.ఎం.సి.ఎ.లో చేరారు. ఇంగ్లీషు చదివిన భారతీయ క్రైస్తవ యువకునికి ఆనాడు అంతకంటె మంచి స్థానము దొరకుట కష్టము. పట్టణములు తిరుగుట, విద్యార్థులతో మాటలాడుట, షెర్వుడ్ ఎడ్డీ వంటి అమెరికను మిత్రుల స్నేహము, గౌరవమైన జీతము అన్నీ ఉన్నవి. 1907లో జపాను దేశము కూడ చూచి వచ్చారు. పట్టా లేని లోటు తీరిపోయినట్లే. ఇంకొకరైతే ఇదే దేవుడు చూపిన మార్గమని సాక్ష్యము చెప్పి అక్కడనే స్థిరపడియుందురు. చెప్పినా అబద్ధము కాదు.

కాని 1902లో సింహళములోని యాళ్పాణమునకు వెళ్లినప్పుడు ఆయన మనసులో ముల్లు గుచ్చుకొన్నది. అక్కడి తమిళ క్రైస్తవులు తమ సొంత డబ్బుతో, తమ సొంత మనుష్యులను ఇతర ప్రాంతములకు సువార్తికులుగా పంపుతున్నారు. తిరునెల్వేలి సంఘము అంతకంటె పెద్దదే. అది ఎవరిని పంపినది? ఆయనకు కలిగిన దర్శనమంతా ఈ ప్రశ్నయే. మెరుపు లేదు, స్వరము లేదు. ఎదుటివారిని చూచి తన ఇంటిని గూర్చి కలిగిన సిగ్గు మాత్రమే. దేవుడు దీనిని కూడ పిలుపుగా వాడుకొనునని మన యువజనులకు ఎవరూ చెప్పరు.

ఆ సిగ్గులోనుండి 1903 ఫిబ్రవరి 12న తిరునెల్వేలి భారతీయ మిషనరీ సంఘము పుట్టినది. అది పని చేయుటకు ఎన్నుకొన్న చోటు నిజాము రాజ్యములోని డోర్నకల్లు. సింగరేణి బొగ్గు గనుల వైపుకు రైలు మార్గము చీలే ఆ జంక్షను నేడు తెలంగాణలోని మహబూబాబాదు జిల్లాలో ఉన్నది. 1905 డిసెంబరు 25న శ్రీరాంపూరులో జాతీయ మిషనరీ సంఘము స్థాపించబడినప్పుడును అజరయ్యగారు ముందువరుసలో ఉండి, పిమ్మట దాని ప్రధాన కార్యదర్శియైనారు. సభలలో లేచి నిలిచి, రండి, పొండి, గ్రామములు మిమ్మును పిలుచుచున్నవని యువకులకు చెప్పేవారు.

ఇక్కడనే ఆయన బ్రతుకు మలుపు తిరిగినది. పొమ్మని చెప్పేవాడు తాను పోకుండ ఎన్నాళ్లుండును? 1909లో ఆ కొలువులన్నియు విడిచి, గురు అభిషేకము పొంది, కుటుంబముతో డోర్నకల్లు చేరారు. అప్పటికి ఆయనకు దాదాపు 35 ఏండ్లు. ఆ వయసున తెలుగు నేర్వవలసి వచ్చినది. వేదికలపై ఇంగ్లీషులో అనర్గళముగా మాటలాడిన మనిషి పల్లెలో కూలివాని ముందు మాట వెదకికొనుట ఎట్లుండునో ఊహించుకొనుడి. భార్య అన్బు మరియమ్మాళ్ గారు దక్షిణ దేశములో కాలేజీ చదువు చదివిన తొలి క్రైస్తవ స్త్రీలలో ఒకరు. ఆమె చదువును ఆ పల్లెలకే వచ్చినది. ఆయన పిలుపును గూర్చి వ్రాసేవారు ఆమె మాట ఒక వాక్యముతో ముగించుదురు. నేనును అంతకు మించి వ్రాయలేకపోతున్నందుకు చింతించుచున్నాను.

1910 జూనులో ఎడింబరో మహాసభలో ఆయన చేసిన ప్రసంగము ప్రపంచమెరిగినదే. మిషనరీల త్యాగమునకు వందనములు చెప్పి, మాకు కావలసినది మీ స్నేహము కూడ అని నిర్భయముగా అడిగారు. కొందరికి కోపము వచ్చినది. రెండేండ్లకు ఆయనను బిషప్పుగా ఎన్నుకొన్నప్పుడు తెల్లవారిలోను, మనవారిలోను అడ్డు చెప్పినవారున్నారు. మద్రాసు బిషప్పు హెన్రీ వైట్‌హెడ్ గారు పట్టు వదలలేదు. 1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్స్ కథీడ్రలులో అజరయ్యగారు ఆంగ్లికన్ సంఘములో తొలి భారతీయ బిషప్పుగా ప్రతిష్ఠింపబడినారు. పట్టా రాని ఆయనకు 1920లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయము గౌరవ డాక్టరేటు ఇచ్చినది. ఇది చదివి, వదులుకొంటే దేవుడు రెట్టింపుగా ఇచ్చునని లెక్క కట్టవద్దని మనవి. డోర్నకల్లు రైలు దిగిన నాడు ఆయనకు ఈ లెక్క తెలియదు.

ఆయన పని ఎట్టిదో బాప్తిస్మపు వేళ కనబడేది. బాప్తిస్మము పొందిన ప్రతివాడును తన చేయి తన తలమీదనే పెట్టుకొని, సువార్త ప్రకటించకపోతే తనకు శ్రమయని పౌలు చెప్పిన మాటను పలుకవలెను. వారిలో అధికులు మాల, మాదిగ కుటుంబములవారు. ఊరి బావి వద్దకు రానివ్వని మనుష్యులు. వారి చేతిని వారి తలమీదనే పెట్టించి, నీకును ఒక పని అప్పగించబడినదని చెప్పుట ఆనాడు చిన్న సంగతి కాదు. 1935 నాటికి ఆ మండలములో సుమారు 250 మంది భారతీయ గురువులు, రెండువేలకు పైగా గ్రామ ఉపాధ్యాయులు పని చేస్తున్నారు. క్రైస్తవుల సంఖ్య కొద్ది ఏండ్లలోనే రెండు లక్షలు దాటినది.

ఆయన పట్టుదలతో కట్టించిన డోర్నకల్లు కథీడ్రలు 1939 జనవరి 6న ప్రతిష్ఠింపబడినది. మన దేశపు శిల్పరీతులతో నిలిచిన ఆ కట్టడమును చూడనివారు ఒకసారి వెళ్లి చూడవలెను. తరంగంబాడిలో 1919లో మొదలుపెట్టిన సంఘైక్య ప్రయత్నము మాత్రము ఆయన కన్నుల ముందు నెరవేరలేదు. 1945 జనవరి 1న డోర్నకల్లులోనే కన్నుమూశారు. దక్షిణ ఇండియా సంఘము మద్రాసులో ఆరంభమైనది 1947 సెప్టెంబరు 27న.