మోతెకు నడినెత్తిన, భారతికి అంచున

మోతెలో డాబా మీద బిగించిన టీవీ డిష్‌ను గమనిస్తే, అది వినే ఉపగ్రహం ఎంత ఎత్తున ఉంటుందో అర్థమవుతుంది. భూమధ్యరేఖకు పైన సుమారు 36 వేల కిలోమీటర్ల ఎత్తులో కదలనట్టు కనిపించే ఆ ఉపగ్రహం ఈ ఊరికి ఆకాశంలో దాదాపు 70 డిగ్రీల ఎత్తున ఉంటుంది. వేపచెట్టో పక్కింటి గోడో దానికి అడ్డు రావడం అరుదు. ఇక్కడి నుంచి ఇంచుమించు నేరుగా దక్షిణానికి పోతే అంటార్కిటికాలో మన భారతి కేంద్రం వస్తుంది. అక్కడ అదే ఉపగ్రహం మహా అయితే 12 డిగ్రీల ఎత్తున కనిపిస్తుంది. 81వ అక్షాంశం దాటితే భూమి వంపు చాటుకు పోతుంది. ధ్రువాలకు ఫోను ఆలస్యంగా చేరడానికి చలి, మంచు, దూరం కారణాలని చెప్పుకుంటాం. అసలు కారణం కక్ష్య అని నా వాదన.

మన తొలి బృందం 1982 జనవరిలో అంటార్కిటికా మీద దిగిన కాలంలో ధ్రువ యాత్రలకు షార్ట్‌వేవ్ రేడియోనే పెద్ద దిక్కు. సూర్యుడిలో అలజడి రేగితే ధ్రువాల పైనున్న వాతావరణం ఆ తరంగాలను మింగేస్తుంది. 1965లోనే సోవియట్ యూనియన్ మోల్నియా ఉపగ్రహాలను సాగదీసిన కక్ష్యలో పంపింది గానీ, అవి ఎక్కువసేపు నిలిచేది ఉత్తరార్ధగోళం మీదే. కేంద్రంలో పాతిన పెద్ద డిష్ అంచున ఉన్న ఉపగ్రహాన్నైనా పట్టుకోగలదు. మంచు మీద కదిలే బండికి చిన్న గుట్ట అడ్డొచ్చినా మాట తెగిపోతుంది. ఆ కొరత తీర్చింది 1998 నవంబరులో ఉపగ్రహ ఫోను సేవలు మొదలుపెట్టిన ఇరిడియం. దాని 66 ఉపగ్రహాలు సుమారు 780 కిలోమీటర్ల ఎత్తున, ధ్రువాల దగ్గరగా తిరుగుతాయి. అది మరుసటి ఏడే దివాలా తీసింది కదా, అంటే అవసరం లేనట్టే కదా అనేవారున్నారు. అది దెబ్బతిన్నది మామూలు సెల్ టవర్లు అందుకున్న ఊళ్లలో. ధ్రువంలో అప్పట్లో దానికి పోటీయే లేదు, పైగా దాని దారులన్నీ కలిసేదీ అక్కడే. 2001లో సేవలు మళ్లీ మొదలయ్యాయి.

శాశ్వత జనాభా లేని చోటికి ఇంత ఖర్చెందుకన్నది ఇంతకంటే గట్టి ప్రశ్న. పంటల విస్తీర్ణం, చెరువుల నీరు చూసే మన ఉపగ్రహాలు రోజుకు సుమారు 14 సార్లు భూమిని చుట్టి, ప్రతిసారీ ధ్రువాల దగ్గరగా పోతాయి. వాటి చిత్రాలను అందుకునే షాద్‌నగర్ స్టేషన్‌కు దొరికేవి మన మీదుగా వచ్చే కొన్ని చుట్లే; భారతికి వాటికంటే చాలా ఎక్కువ దొరుకుతాయి. అందుకే 2013 ఆగస్టులో జాతీయ దూర సంవేదన కేంద్రం అక్కడ యాంటెన్నా పెట్టింది. అది పట్టిన సమాచారం మళ్లీ ఉపగ్రహ లింకు మీదుగానే షాద్‌నగర్ చేరుతుంది. చిత్రాలకు మనం సొంత దారి వేసుకున్నాం. మాటకు మాత్రం ధ్రువాల మీదుగా తిరిగే సొంత ఉపగ్రహాల దండు మనకింకా లేదు. భారతి నుంచి మంచు మీదికి బయల్దేరే మన శాస్త్రవేత్తకు అది చిన్న లోటు కాదు.