ఆవిరి గొట్టాల మేస్త్రీలు

"మేస్త్రి" అన్న మాట మనకు పోర్చుగీసువారి "మెస్త్రె" నుంచి వచ్చింది. ఇంగ్లీషు "మాస్టర్" కూడా ఆ లాటిన్ గూటి పక్షే. ఇల్లు కట్టించినవారికి మేస్త్రి ఎవరో చెప్పనక్కర్లేదు. యజమానికి పనివాడు, పనివాడికి యజమాని. చెడ్డమాట పడవలసి వచ్చినప్పుడు మాత్రం ఇద్దరికీ అందుబాటులో ఉండేవాడు. 1889లో అమెరికాలో ఇటువంటి మేస్త్రీలు కొందరు ఒక జాతీయ సంఘం పెట్టుకున్నారు. దాని పేరును తెనిగిస్తే "ఆవిరి, వేడినీటి గొట్టాల మేస్త్రీల సంఘం" అవుతుంది. ఈ వృత్తి న్యూయార్కు నగరంలో ఎదుర్కొన్న చిక్కులు చదువుతుంటే నాకు మన మేస్త్రీలే గుర్తుకు వచ్చారు.

ఎండలకు అలవాటుపడ్డ మనకు ఇంటిని వేడిచేయడం ఒక వృత్తి అంటే వింతగానే ఉంటుంది. నేలమాళిగలో బాయిలరు, అక్కడ పుట్టిన ఆవిరి గొట్టాల వెంట పైఅంతస్తులకు ఎక్కి, గదిలోని ఇనుప రేడియేటరులో నీరుగా మారుతూ తన వేడిని వదిలి, మళ్ళీ బాయిలరు దగ్గరకే జారిపోతుంది. న్యూయార్కులో 1882 నుంచి వీధుల కింద గొట్టాలు వేసి ఆవిరిని అమ్మడం కూడా మొదలైంది. బాయిలరు ఒక కర్మాగారానిది, రేడియేటరు మరొకరిది, బిగించే చేతులు కార్మిక సంఘానివి. వీటన్నిటినీ కలిపి గుత్తేదారు అమ్మేది ఇనుము కాదు, రాబోయే చలిరాత్రికి వెచ్చదనం. బయట సున్నా ఫారెన్‌హీట్ (మన లెక్కలో మైనస్ 18 సెల్సియస్) ఉన్నా లోపల 70 (అంటే 21 సెల్సియస్) ఉండాలని ఒప్పందాలలో హామీ రాసేవారు. అంతటి చలి ఆ ఏడు రాకపోతే? పనితనం రుజువు కావడానికి ఆకాశం కరుణించాలి!

ఇటువంటి వ్యాపారులు ఒకచోట చేరితే ధరల గురించి తప్ప మరేం మాట్లాడుకుంటారు అని మనకు అనిపించడం సహజం. అయితే వీరి పేరు నిలిపిన పని వేరు. గొట్టం చివర పళ్ళెంలాంటి అంచు ఒకటి ఉంటుంది, ఫ్లాంజి అంటారు. రెండు ఫ్లాంజీలను ఎదురెదురుగా పెట్టి, వాటి రంధ్రాలలో బోల్టులు దూర్చి బిగిస్తారు. ఏ కర్మాగారం రంధ్రాలు ఆ కర్మాగారానివే అయితే ఒకరి వాల్వు మరొకరి గొట్టానికి అతకదు. అతకకపోతే కర్మాగారానికి పోయేదేమీ లేదు, మళ్ళీ తమ దగ్గరే కొంటారు. నష్టమంతా మేస్త్రిదే. 1894లో ఈ సంఘమూ, మెకానికల్ ఇంజనీర్ల సంఘమూ కలసి ఫ్లాంజీలకు ఒక కొలత నిర్ణయించాయి. బోల్టుల సంఖ్య నాలుగు చేత భాగింపబడాలన్న నియమం చూడండి: వంపు ముక్కను పావు చుట్టు తిప్పినా రంధ్రాలు ఎదురెదురుగా నిలుస్తాయి. గొట్టం కింద వెల్లకిల పడుకుని బోల్టు బిగించినవాడికే ఈ నియమం విలువ తెలుస్తుంది. 1912లో మేస్త్రీల పట్టిక ఒకటి, తయారీదారుల పట్టిక మరొకటి పోటీపడ్డాయి. రాజీ కుదిరి 1914 జనవరి 1 నుంచి "అమెరికన్ ప్రమాణం" అమలులోకి వచ్చింది.

ఆ 1894లోనే శాస్త్రచర్చ ప్రధానంగా ఉండే వేదిక కావాలనుకున్నవారు న్యూయార్కులో వేడి, గాలి ప్రసరణల ఇంజనీర్ల సంఘాన్ని స్థాపించారు. నేటి ఆష్రే సంస్థకు అది పూర్వరూపం. పండితులు అటు, వ్యాపారులు ఇటు అన్నమాట. నాకైతే ఫ్లాంజి పని కూడా పాండిత్యమే అనిపిస్తుంది.

కార్మికులతో సంగతి ఇంత సులువుగా తేలలేదు. న్యూయార్కులోని ఎంటర్‌ప్రైజ్ అసోసియేషన్ అనే ఫిట్టర్ల సంఘం, పోటీ సంఘం వారిని తీసేయకపోతే పని ఆపేస్తామని గుత్తేదార్లను హెచ్చరించింది. వారు తీసేశారు. పోటీ సంఘం కోర్టుకెక్కింది. 1902లో రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం ఎంటర్‌ప్రైజ్ పక్షానే తీర్పు చెప్పింది. తోటివాడి అజాగ్రత్త వల్ల ప్రాణాపాయం ఉన్న పనిలో, ఎవరి పక్కన పనిచేయాలో ఎంచుకునే హక్కు కార్మికుడికి ఉందన్నది అందులో ఒక వాదం. తగవు రెండు కార్మిక సంఘాల మధ్య; ఉద్యోగాలు తీసిన పాపం గుత్తేదారుది.

అదే 1902లో బ్రూక్లిన్‌లోని ఒక ముద్రణాలయంలో కాగితం తేమకు సాగకుండా ఉండటానికి విలిస్ కారియర్ ఒక చల్లదనపు యంత్రానికి రూపకల్పన చేశాడు. వేడి మేస్త్రీల చేతికి క్రమంగా చలి కూడా వచ్చింది. దానితోపాటే, లోపలి గొట్టాలన్నీ కర్మాగారంలోనే బిగించిన పెట్టెలూ వచ్చాయి.

ఆ పెట్టెల తగాదా అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. నార్వేజియన్ వృద్ధాశ్రమ నిర్మాణంలో వేడి, చల్లదనాల పని హ్యూడిక్-రాస్ అనే ఉపగుత్తేదారుది. కొన్ని గొట్టాలను పనిచోటనే చేతితో కోసి, మరలు తీయాలని ఎంటర్‌ప్రైజ్ కార్మికులతో అతడి ఒప్పందంలో తొమ్మిదవ నియమం ఉంది. ప్రధాన గుత్తేదారు మాత్రం గొట్టాలు ముందే బిగించిన స్లాంట్-ఫిన్ పెట్టెలే పెట్టాలని రాశాడు. కార్మికులు ఆ పెట్టెలను ముట్టుకోలేదు. వారిని నేను తప్పుపట్టలేను. వారు రాయించుకున్న మాటే అడిగారు. 1977లో ఆరుగురు న్యాయమూర్తులు ఒకవైపు, ముగ్గురు మరోవైపు. ఆ పనిని కార్మికులకు ఇచ్చే అధికారం హ్యూడిక్-రాస్ చేతిలో లేదు కనుక, అతడిపై ఒత్తిడి తేవడం చట్టవిరుద్ధమని తీర్పు. మాట ఇచ్చినవాడు అతడే. నిలబెట్టుకునే అధికారం లేనివాడూ అతడేనని దేశపు అత్యున్నత న్యాయస్థానమే రాసి ఇచ్చింది.

అప్పటికి జాతీయ సంఘం పేరు కూడా మారిపోయింది. ఇప్పుడది మెకానికల్ కాంట్రాక్టర్ల సంఘం. పేరులో ఆవిరి లేదు, వేడినీళ్ళు లేవు, "మాస్టర్" అన్న మాటా లేదు.