సంగటి ముద్ద వెనుక చరిత్ర

కర్నూలు, కడప సీమలలో రాగి సంగటి, కొర్రన్నము తరతరములుగా మెట్టరైతుల భోజనము. ఈ ధాన్యములు మన నేలలోనే పుట్టినవని చాలమంది తలంతురు. కాని ఇవి రెండును దూరదేశముల పంటలే.

రాగుల జన్మస్థానము తూర్పు ఆఫ్రికాలోని ఎత్తైన ప్రదేశములు. నేటికిని ఉగాండా ప్రజలు రాగిపిండిని మరుగుచున్న నీటిలో పోసి, తెడ్డుతో కలియబెట్టి, ముద్దగా చేసి కూరతో తిందురు. మనము పిండికి ముందు కొంత బియ్యమునో నూకనో ఉడికింతుము, భేదము అంతే. కొర్రలను సుమారు 8,000 సంవత్సరముల క్రిందటనే ఉత్తర చైనా రైతులు పండించిరి.

ఇవి ఇచ్చట ఎట్లు నిలదొక్కుకొన్నవి? కొర్ర మూడు నెలలలో కోతకు వచ్చును; కొద్దిపాటి వానకే పండును. పోషణలోను ఈ ధాన్యములు తక్కువవి కావు. 100 గ్రాముల రాగులలో సుమారు 340 మిల్లీగ్రాముల కాల్షియం ఉండగా, మరపట్టిన తెల్లబియ్యములో 10 మిల్లీగ్రాములకు మించదు. సంగటికి పప్పు, ఆకుకూర తోడైనచో ధాన్యములోని మాంసకృత్తుల లోపము కూడ తీరును.

అయినను వరియన్నమే గౌరవమునకు గుర్తైనది. 19వ శతాబ్దమున త్రవ్విన కర్నూలు-కడప కాలువ క్రింద వరి విస్తరించెను. 1983లో కిలో రెండు రూపాయల బియ్యము పథకము వచ్చెను. అది పేదల ఆకలి తీర్చినమాట నిజమే. కాని కంచములో సంగటి చోటు తగ్గెను.

నంద్యాల పరిశోధనాస్థానము ‘సూర్యనంది’ వంటి మేలైన కొర్ర వంగడములను రూపొందించినది. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యముల సంవత్సరముగా పాటించినది. వంగడమున్నను, కీర్తియున్నను, తినువారు లేనిదే పంట నిలువదు. ఎముకలు బలపడు వయస్సులోనున్న విద్యార్థులకు ఉపాధ్యాయులు ఈ సంగతి చెప్పుట అవసరము.