బాణం నుంచి సీసపు గుండుదాకా

కదిరి చుట్టుపక్కల తండాల్లో, పల్లెల్లో వేట మాట ఎత్తితే ముసలివాళ్ళు గొంతు తగ్గిస్తారు. బడిపిల్లలకు వేట అంటే కేసు, జైలు. నేటి చట్టం ప్రకారం అది నిజమే. అయినా వేటలో ఒక విద్య ఉండేది, ఆ విద్యకు ఒక చరిత్ర ఉంది. దాన్ని మనం రాయకపోతే పోలీసు కాగితాల్లో ఉన్నదే మన చరిత్ర అయిపోతుంది.

గురితో మొదలుపెడదాం. అహోబిలంలో ఏటా కనుమనాడు నరసింహస్వామి పారువేటకు బయలుదేరతాడు. చెంచులు ఆయన పల్లకి మీదికి బాణం వేసి సాగనంపుతారు. చెంచులక్ష్మి మన ఆడబిడ్డ, ఆయన మన అల్లుడు. మన కదిరి ఖాద్రీ నరసింహుడూ ఆ స్వామే. ఇక ఆ బాణాన్ని చూడండి. ముందు ఇనుప మొన బరువు, వెనక ఈక తేలిక. గాలి ఈకను వెనక్కి పట్టి ఉంచుతుంది, మొన ముందుకే సాగుతుంది. బాణం దారిలో తిరగబడదు.

తుపాకి వచ్చాక ఆ వీలు పోయింది. పాలెగాళ్ళ కాలంలో బోయలు విలుకాళ్ళుగా, తుపాకి బంట్లుగా పేరుపడ్డారు. (మైదాన ప్రాంతంలో బోయలకు ఎస్టీ హోదా నేటికీ లేదు. వేట చరిత్రలో మాత్రం వాళ్ళను విడదీసి చెప్పలేం.) నాటు తుపాకి గొట్టం లోపల నున్నగా ఉంటుంది. గొట్టంకంటే గుండు కాస్త చిన్నది. మందు అంటుకోగానే అది గొట్టం గోడలకు అటూ ఇటూ కొట్టుకుంటూ, ఎటు పడితే అటు బొంగరంలా తిరుగుతూ బయటపడుతుంది. తిరిగే వైపును బట్టి గాలిలో దారి మళ్ళుతుంది. ఇంగ్లండులో బెంజమిన్ రాబిన్స్ 1742లో ఫిరంగి విద్య మీద పుస్తకం రాసినవాడు. గుండు పక్కకు పోవడానికి ఈ తిరగడమే కారణమని చూపించింది ఆయనే.

దీనికి విరుగుడుగా గుండు చుట్టూ గుడ్డపేలిక పెట్టి బిగువుగా కూరేవాళ్ళు. అసలు విరుగుడు మాత్రం కాళ్ళలో ఉండేది. యాభై అడుగుల వేసంత దూరం దాటితే గుండు మీద నమ్మకం లేదు, కాబట్టి జింక దగ్గరికి పోవాలి. గాలికి ఎదురుగా నడవాలి, ఎండుటాకు మీద కాలు పడకూడదు, నీళ్ళ గుంట దగ్గర ఓపికగా కూర్చోవాలి. చిన్న గుండ్లు గుప్పెడు వేసి కొడితే తగలడం సులువే. కానీ గాయపడ్డ జింక పారిపోయి ఏ పొదలోనో నరకపడి చస్తుంది. ఒక్క గుండుతో కొట్టగలిగినవాడే వేటగాడు.

ఇదే చిక్కును దూరదేశాల్లో వేరే దారిలో విప్పారు. జర్మనీలో విల్హెల్మ్ బ్రెనెకె 1898లో సీసపు గుండుకు వెనక తేలికైన దిమ్మ బిగించాడు. అమెరికాలో కార్ల్ ఫోస్టర్ 1931లో గుండు వెనక భాగాన్ని గుల్ల చేశాడు. రెండింటిలోనూ ముందు బరువు, వెనక తేలిక. అంటే బాణమే వేషం మార్చుకుని తుపాకి గొట్టంలోకి దూరింది. వాళ్ళు మనల్ని చూసి నేర్చుకున్నారని అనడం లేదు, గాలి ఎవరికైనా ఒకే పాఠం చెబుతుంది. ఊళ్ళు దగ్గర దగ్గరగా ఉన్న ఒహాయో, ఇల్లినాయ్, అయొవా వంటి రాష్ట్రాల్లో రైఫిల్ గుండు చాలా దూరం పోయి మనుషులకు తగులుతుందనే భయంతో, దుప్పుల వేటకు చాలాకాలం ఈ గుండునే అనుమతించారు. తరువాత మరలు చెక్కిన గొట్టాలు వచ్చాయి. నున్నని గొట్టంతో డెబ్బై అయిదు గజాలు గగనమైతే, వీటితో నూట యాభై దాకా గురి కుదిరింది. అక్కడి వేటగాడు వేట రోజులకు ముందే రకరకాల తూటాలు కొని, తన తుపాకికి ఏది నప్పుతుందో అట్ట మీద కాల్చి చూసుకుంటాడు.

మనవాళ్ళకు ఆ అవకాశం ఎందుకు రాలేదు? 1800లో నిజాం దత్తమండలాలను కంపెనీకి ఇచ్చేశాడు. కదిరి కూడా వాటిలోదే, 1910 దాకా కడప జిల్లాలో ఉండేది. కలెక్టరు థామస్ మన్రో సుమారు 80 మంది పాలెగాళ్ళను అణచివేశాడు, వాళ్ళ బంట్లు చెదిరిపోయారు. 1857లో ఆయుధాలు అప్పగించమన్నందుకు కర్ణాటకలోని హలగలి బేడర్లు తిరగబడ్డారు. వాళ్ళు బోయల అన్నదమ్ములే. పలువురిని ఉరితీశారు. 1878 ఆయుధాల చట్టంతో లైసెన్సు తప్పనిసరి అయింది. తెల్లదొరలకు మినహాయింపు, కొడగులో కొడవలకూ మినహాయింపు. కొడవలది నేటికీ సాగుతోంది. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చి అడవికి గిరి గీసింది. 1911లో నేరస్థ జాతుల చట్టం మద్రాసు రాజధానికి వచ్చింది, ఎరుకలను పుట్టుకతోనే దొంగలను చేసింది. దేశమంతటా అది 1952లో గానీ పోలేదు. అదే అడవిలో దొర జింకను కొడితే షికారు, కొమ్ములు బంగళా గోడకెక్కేవి. మనవాడు కొడితే దొంగతనం.

1972 వన్యప్రాణి చట్టంతో మాకు పోట్లాట లేదు. కృష్ణజింక మన రాష్ట్ర జంతువు, అది బతకాలి. నాటు తుపాకి పట్టమని ఏ కుర్రాడికీ చెప్పం. కాకపోతే జింకలూ అడవిపందులూ పడి శెనక్కాయ చేను పోగొట్టుకున్న తండా రైతుకు పరిహారం సకాలంలో అందాలి. రాత్రంతా డబ్బా కొడుతూ చేను కాసేవాణ్ణి వేటగాడివా అని అనుమానంగా చూడకూడదు.

సైన్సు మాస్టర్లకు ఒక మాట. చీపురుపుల్లకు ఒక కొసన మట్టిముద్ద, రెండో కొసన కోడి ఈక కట్టి విసిరి చూపించండి. ఎలా విసిరినా ముద్ద ముందుకే తిరుగుతుంది. ఎందుకని పిల్లల్ని అడగండి. జవాబు చెప్పడానికి ఎవరి తాతనైనా బడికి పిలవండి.